ముక్కు చెప్పిన అబద్ధం

బతుకమ్మ రోజులు. సాగర్ ఎడమ కాలువ కింద, కోదాడకూ హుజూర్‌నగర్‌కూ మధ్య పొలాల్లో వరి పాలు పోసుకునే అదను. పిట్టలు ఎగబడే కాలం కూడా అదే. గట్టు మీద తాత ఒడిసెల పట్టుకుని కూర్చున్నాడు. దసరా సెలవులకు వచ్చిన మనుమడు పాత డబ్బా మీద కర్రతో కొడుతున్నాడు. డబ్బా మోగినప్పుడల్లా మడిలోంచి గుంపు లేస్తుంది. గాలిలో ఒక చుట్టు చుట్టి మళ్ళీ అదే మడి చివర వాలుతుంది.

“తాతా, గా తుమ్మ మీద కూసున్న పసుపు పిట్ట గూడ పిచ్చుకనేనా?”

“గిజిగాడురా అది. బాయి మీదికి వంగిన కొమ్మకు గూళ్ళు యాలాడుతున్నయ్, సూడలే?”

“మరి గీ ఎర్రయి? ఒంటి మీద తెల్ల సుక్కలున్నయ్.”

“అయ్యి మునియలు. అన్నీ గింజ పిట్టలే బిడ్డా. ముక్కు సూడు, అన్నిటిదీ పిచ్చుక ముక్కే. అన్నీ ఒక్క ఇంటియే గావచ్చు.”

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా ఏ వరి గట్టు మీదైనా వినిపించే మాటలివి. ఆ చివరి మాట దగ్గరే పెద్ద వ్యవహారం ఉంది. ముక్కు ఒకటే కాబట్టి అన్నీ ఒక్క ఇంటివేనా? ఈ ప్రశ్న మీద స్టాక్‌హోమ్‌లో, లండన్‌లో, మన నెల్లూరులో, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం అరల మధ్య రెండున్నర శతాబ్దాలు వాదన నడిచింది. అందులో తప్పులున్నాయి, దొంగతనం ఉంది, అరవై ఏళ్ళు ఎవరికీ పట్టని ఒక పిట్ట కూడా ఉంది.

*

ముందు ఆ మడిలోనే ఉన్న ఇంకో రకం మునియాను, చుక్కల మునియాను, దగ్గరగా చూద్దాం. తోకతో కలిపి నాలుగు అంగుళాలుండే గోధుమరంగు పిట్ట. రొమ్ము మీద పొలుసుల్లాంటి గీతలు. కంకి కింద కాడను రెండు కాళ్ళతో అడ్డంగా పట్టుకుంటుంది. గింజను లాగి ముక్కు అంచున ఇరికించి, నాలుకతో తిప్పుతూ కింది దవడతో నొక్కుతుంది. ఊక విడిపోయి కింద రాలుతుంది, గింజ గొంతులోకి జారుతుంది. ఇంకా గట్టిపడని గింజయితే ముక్కు చివర తెల్లటి పాలు అంటుకుని కనిపిస్తాయి. అది మింగీ మింగకముందే ఇంకో గింజ. ఈ పనికి పొట్టిగా, మొదట్లో లావుగా, చివర మొన తేలిన ముక్కు కావాలి. గిజిగాడికీ అదే ముక్కు, ఊర పిచ్చుకకూ అదే.

1967లో సాగర్ కాలువల్లోకి నీళ్ళు వదలక ముందు ఈ నేల మీద జొన్న, సజ్జ, ఆముదం ఎక్కువ. నీళ్ళొచ్చాక వరి వచ్చింది, మిర్యాలగూడలో రైసు మిల్లులు లేచాయి. పంట మారినా పిట్టలు పోలేదు, జొన్న కంకి మీద చేసిన పనే వరి కంకి మీద చేస్తున్నాయి. మిల్లుల ముందు వడ్లు ఆరబోసిన చోట పిచ్చుకలు, కాలువ వెంట జమ్ములో మునియాలు, వ్యవసాయ బావుల మీది తుమ్మలకూ ఈత చెట్లకూ గిజిగాళ్ళు. ఒకే తిండి, ఒకే ముక్కు, ఒకే ఊరు. తాత అనుకున్నదాంట్లో వింతేమీ లేదు.

స్వీడన్‌లో కార్ల్ లినేయస్ కూడా అలాగే అనుకున్నాడు. 1758లో ఆయన ‘సిస్టమా నేచురే’ పదో కూర్పు అచ్చయింది. ప్రపంచంలోని జంతువులన్నిటికీ రెండేసి మాటల్లో పేర్లు పెట్టిన పుస్తకమది. ఆయన భారతదేశం ఎన్నడూ రాలేదు. ఓడల్లో వచ్చిన ఎండు చర్మాలు, ఇతరులు రాసిన వర్ణనలు, బొమ్మల పుస్తకాలే ఆధారం. చచ్చిన పిట్టలో చెక్కుచెదరకుండా మిగిలేది ముక్కు. కాబట్టి గింజ తినే ముక్కులన్నీ ఒకచోటికి చేరాయి. యూరప్‌లో పంజరంలో పెంచుకునే ముద్దుల పిట్ట గోల్డ్‌ఫించ్ ఫ్రింజిల్లా అనే పేరు కిందికి వచ్చింది. ఎర్రటి ముఖం, నల్లటి రెక్క మీద బంగారు పట్టీ, ముళ్ళ మొక్కల తలల్లోంచి గింజలు లాగే సన్నటి మొన దాని గుర్తులు. మన కుసుమ పంట ఆ ముళ్ళ మొక్కల తెగదే. అదే ఫ్రింజిల్లా కింద మన ఊర పిచ్చుకను, మన ఎర్ర మునియాను కూడా రాశాడు లినేయస్. ముక్కు ఇంకాస్త లావుగా ఉన్నవాటికి లోక్సియా అనే ఇంకో పేరు పెట్టి చుక్కల మునియాను అందులో వేశాడు. 1766లో గిజిగాడినీ అందులోనే చేర్చాడు. కోదాడ మడిలో కనిపించే నాలుగు పిట్టలూ అలా స్వీడన్‌లో అచ్చయిన పుస్తకంలో గోల్డ్‌ఫించ్‌కు అన్నదమ్ములైపోయాయి.

*

లండన్, 1837 జనవరి 10. జువలాజికల్ సొసైటీ సమావేశం. జాన్ గౌల్డ్ లేచి నిలబడ్డాడు. ఆయన తోటమాలి కొడుకు. పిట్టల చర్మాలను కుట్టి, కూరి, బతికున్నట్టు నిలబెట్టే పనితో సొసైటీలో చేరాడు. ఏడేళ్ళ క్రితం హిమాలయాల నుంచి ఒక చర్మాల మూట ఆయన చేతికి వచ్చింది. అందులోని నూరు పిట్టలకు భార్య ఎలిజబెత్ బొమ్మలు వేసింది, సొసైటీ కార్యదర్శి నికొలస్ విగర్స్ వర్ణనలు రాశాడు. హిమాలయాల గోల్డ్‌ఫించ్‌కు 1831లో కార్డ్యూలిస్ కానిసెప్స్ అని పేరు పెట్టింది ఆ విగర్సే. తల మీద నలుపు లేని, బూడిదరంగు గోల్డ్‌ఫించ్ అది. మన దేశపు గోల్డ్‌ఫించ్ శాస్త్రంలోకి వచ్చింది ఆ మూటతోనే.

ఈసారి గౌల్డ్ ముందున్న మూట వేరు. అప్పుడే ప్రపంచం చుట్టి వచ్చిన చార్లెస్ డార్విన్ అనే ఇరవై ఏడేళ్ళ యువకుడు ఆరు రోజుల క్రితం సొసైటీకి అప్పగించాడు. గాలాపగోస్ దీవుల పిట్టలవి. కొన్నిటిని డార్విన్ ఫించ్‌లనుకున్నాడు, కొన్నిటిని బ్లాక్‌బర్డ్‌లనుకున్నాడు, కొన్నిటిని లావు ముక్కు గ్రోస్‌బీక్‌లనుకున్నాడు. ముక్కులన్నీ వేర్వేరు మరి. ఏ పిట్ట ఏ దీవిదో చీటీ కూడా సరిగా రాయలేదు. గౌల్డ్ వాటిని పక్కపక్కన పరిచి చూశాడు. ముక్కును వదిలేసి రెక్క, తోక, ఈకల రంగు, ఒంటి నిర్మాణం చూశాడు. ఇవన్నీ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలని, ఎక్కడా లేని ఒక కొత్త గుంపని, అందులో పన్నెండు జాతులున్నాయని ఆ సాయంత్రం ప్రకటించాడు.

ఈ కథలో మొదటి మలుపు అదే. ఒకే ఇంటి పిట్టలకు ముక్కులు వేర్వేరుగా ఉండొచ్చని అప్పుడు తేలింది. దాన్నే తిరగేస్తే, ముక్కులు ఒకటైనంత మాత్రాన ఇల్లు ఒకటి కానక్కర్లేదు. రెండో సగం నిలబడడానికి ఇంకో నూటయాభై ఏళ్ళు పట్టింది. గౌల్డ్ కూడా ఆ కొత్త గుంపును ఫించ్‌లనే పిలిచాడు. నేటికీ పాఠ్యపుస్తకాల్లో అవి ‘డార్విన్ ఫించ్‌లే’. నిజానికి అవి దక్షిణ అమెరికా టానజర్ల కుటుంబం. ఫించ్ కుటుంబంతో వాటికున్నది దూరపు చుట్టరికమే.

ముక్కు ఎంత త్వరగా మారుతుందో తెలియాలంటే జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మెరీ గ్రాంట్ దంపతులు చూసింది చెప్పాలి. 1973 నుంచి ఏటా అదే దీవుల్లోని డాఫ్నీ మేజర్‌కు వెళ్ళి పిట్టల ముక్కులు కొలిచారు. 1977లో కరువొచ్చింది. మెత్తటి చిన్న గింజలు అయిపోయి గట్టి గింజలే మిగిలాయి. చిన్న ముక్కులవి చచ్చిపోయాయి, లావు ముక్కులవి బతికాయి. తర్వాతి తరం పిల్లల ముక్కులు సగటున లావయ్యాయి. ఒక్క కరువుకే మారిపోయే అవయవాన్ని పట్టుకుని లక్షల ఏళ్ళ వంశవృక్షం గీయబోతే ఏమవుతుంది?

*

నెల్లూరు, 1840లు. సివిల్ సర్జన్ థామస్ జెర్డన్‌ది ఆసుపత్రి ఉద్యోగం, మనసంతా పిట్టల మీద. 1836లో మద్రాసు దిగినప్పటి నుంచి గంజాం, జాల్నా, నీలగిరి ఎక్కడికి పంపినా పిట్టలను సేకరిస్తూనే ఉన్నాడు. నెల్లూరులో యానాదులతో తిరిగి అడవి సంగతులు అడిగి తెలుసుకున్నాడు. పిట్టకు తెలుగులో ఏమంటారో అడిగి రాసుకున్నాడు. మద్రాసులో అచ్చయిన ఆయన ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ’లోని యాభై బొమ్మల్లో చాలావరకు మన దేశపు చిత్రకారుల చేతి పని. ఆ చిత్రకారుల పేర్లు ఈ రోజు మనందరికీ తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

1862-64 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో జెర్డన్ గింజ పిట్టలన్నిటినీ ఫ్రింజిల్లిడే అనే ఒకే పెద్ద ఉమ్మడి కుటుంబంలో ఉంచాడు. గిజిగాళ్ళు ఒక గది, మునియాలు ఒక గది, పిచ్చుకలు, బంటింగ్‌లు, అసలు ఫించ్‌లు తలా ఒక గది. గదులు వేరని గుర్తించాడు, కప్పు మాత్రం ఒకటేనన్నాడు. తుపాకీ, కత్తి, భూతద్దం తప్ప ఇంకేమీ లేని కాలంలో అంత దూరం రావడమే గొప్ప. ఆ అసలు ఫించ్‌ల గదిలోనే వెదురు పొదల్లో తిరిగే ఎర్రటి పిట్టకు ఎదురు పిచికె అనే తెలుగు పేరు రాసిపెట్టాడు. రోజ్‌ఫించ్ అది. ఈ కథకు దాని అవసరం తర్వాత వస్తుంది.

ఉమ్మడి ఇంట్లో భాగపంపకాలు ముక్కుతో మొదలవలేదు. ముక్కు పక్కన పెట్టి ఒంట్లో ఇంకెక్కడ చూడొచ్చని అడిగినవాళ్ళతో మొదలయ్యాయి. రెక్క చివరి పొడుగు ఈకలు లెక్కపెట్టారు. ఫించ్‌కు పైకి తొమ్మిదే కనిపిస్తాయి, పదోది కుంచించుకుపోయి దాగి ఉంటుంది. గిజిగాడికి చిన్నదైనా పదోది ఉంది. గూళ్ళు చూశారు. గోల్డ్‌ఫించ్ గూడు పైకప్పు లేని గిన్నె. మునియాది గడ్డితో గుండ్రంగా మూసిన గూడు, పక్కన ద్వారం. గిజిగాడి గూడు సంగతి మనకు చెప్పనక్కర్లేదు. మునియా పిల్ల నోరు తెరిస్తే అంగిట్లో నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి. చీకటి గూట్లో తల్లికి అవే గుర్తులు. ఫించ్ పిల్లల నోట్లో అలాంటివి లేవు.

1927లో రష్యా శాస్త్రవేత్త ప్యోటర్ సూష్కిన్ ఎముకలు చూసి పిచ్చుకను ఫించ్‌ల గదిలోంచి తీసి గిజిగాడి గదికి మార్చాడు. ఇది చాలాకాలం నిలిచింది. మన పిట్టల మీద సలీం అలీ, డిల్లన్ రిప్లీలు రాసిన పది సంపుటాల ‘హ్యాండ్‌బుక్’ 1974లో పూర్తయ్యే నాటికి కూడా మన ఊర పిచ్చుక గిజిగాడి కుటుంబంలోనే ఉంది. గిజిగాడి గురించి సలీం అలీ మాటకు ఎదురులేదు. మగది గూళ్ళ మీద గూళ్ళు అల్లుతూ, ఒక్కో గూటికి ఒక్కో ఆడదాన్ని తెచ్చుకుంటుందని 1930ల మొదట్లో ముంబయి దగ్గరి కిహిమ్ గ్రామంలో కూర్చుని కనిపెట్టింది ఆయనే. అయినా పిచ్చుక గిజిగాడి గదిలో కూడా కుదురుకోలేదు. దాని నాలుకలో గిజిగాడికీ ఫించ్‌కూ లేని ఒక అదనపు ఎముక ఉందని 1970ల్లో వివరంగా చూపించారు. గింజ పొట్టు ఒలిచే పనికి పిచ్చుక సొంతంగా చేసుకున్న ఏర్పాటది. అంటే గింజ తినే విద్యను ఈ పిట్టలు ఒకే తాత దగ్గర నేర్చుకోలేదు, దేనికది విడివిడిగా నేర్చుకున్నాయి.

*

వంశం తేలాలంటే రక్తంలోకి వెళ్ళాల్సిందే. అమెరికాలో చార్లెస్ సిబ్లీ, జాన్ ఆల్‌క్విస్ట్ రెండు పిట్టల డీఎన్ఏ పోగులను విడదీసి, ఒకదాని పోగును ఇంకోదాని పోగుతో జతకలిపి, మళ్ళీ వేడి చేశారు. ఎంత వేడికి విడిపోతాయో చూశారు. దగ్గరి చుట్టాల పోగులు గట్టిగా పట్టుకుంటాయి, దూరపు చుట్టాలవి తొందరగా వదిలేస్తాయి. 1990లో వాళ్ళు అచ్చువేసిన పెద్ద గ్రంథం పాత వరుసలు చాలా కదిపింది. ఆ తర్వాత జన్యు అక్షరాలను నేరుగా చదివే పద్ధతి వచ్చి, వాళ్ళు చెప్పినదాంట్లో కొంత నిలబెట్టింది, కొంత కొట్టేసింది.

చివరికి తేలిన లెక్క మన గట్టు మీద నిలబడి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. గిజిగాడు, మునియా ఒకదానికొకటి దగ్గర. ఆ రెండూ ఒక కొమ్మ. పిచ్చుక వేరే కొమ్మ, అది గిజిగాడి కంటే గోల్డ్‌ఫించ్‌కే దగ్గర. మడి అంచున నీళ్ళలో తోక ఆడిస్తూ పరుగెత్తే వాగ్‌టెయిల్‌ను చూసే ఉంటారు. సన్నటి సూది ముక్కు, తినేది పురుగులు, గింజ ముట్టదు. అది మునియా కంటే గోల్డ్‌ఫించ్‌కు దగ్గరి చుట్టం! కంకి మీద కూర్చుని అచ్చం ఫించ్ ముక్కుతో వడ్లు ఒలిచే మునియా దూరపుది, గట్టు కింద పురుగులేరుకునేది దగ్గరిది. ఇంత పెద్ద అబద్ధం చెప్పింది ముక్కు.

*

వంశవృక్షం సరిగా గీయాలంటే చేతిలో ఉన్న పిట్ట చర్మానికి కట్టిన చీటీ నిజమై ఉండాలి. అన్నిసార్లూ అలా ఉండదు. బ్రిటిష్ మ్యూజియానికి తన సేకరణ ఇచ్చిన కల్నల్ రిచర్డ్ మీనర్ట్‌జాగెన్ పెద్ద పేరున్న మనిషి. 1937లో సలీం అలీ ఆయనతో కలిసి అఫ్గానిస్తాన్ వెళ్ళాడు. మీనర్ట్‌జాగెన్ 1967లో చనిపోయాడు. 1993లో పక్షి శాస్త్రవేత్త అలన్ నాక్స్ ఆయన చీటీల మోసాన్ని బయటపెట్టాడు. ఆయన్ను పట్టించిన పిట్టలు రెడ్‌పోల్‌లు. అవి గోల్డ్‌ఫించ్ చుట్టాలైన చిన్న ఉత్తరాది ఫించ్‌లు. చర్మం కూరిన తీరు, కుట్టిన తీరు చూస్తే అవి ఇతరులు ఎప్పుడో సేకరించినవని తేలింది. మ్యూజియం నుంచి ఎత్తుకుపోయి, కొత్త తేదీ, కొత్త ఊరు రాసి, తానే వేటాడినట్టు తిరిగి ఇచ్చాడన్నమాట.

నాక్స్ పట్టుకున్న తీగను పక్షి శాస్త్రవేత్తలు పామెలా రాస్ముస్సెన్, రాబర్ట్ ప్రిస్-జోన్స్ ఇంకా లాగారు. అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబ విషయంలో ఈ దొంగతనం మన దేశానికి నేరుగా నష్టం చేసింది. 1914లో గుజరాత్‌లో దొరికిందని మీనర్ట్‌జాగెన్ రాసిన చీటీ నమ్మి వెతికినవాళ్ళు ఏళ్ళ తరబడి తప్పుచోట వెతికారు. ఆ చీటీని పక్కన పడేసి, 1880ల నాటి నిజమైన చీటీలు పట్టుకుని రాస్ముస్సెన్ బృందం 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా దగ్గరికి వెళ్ళింది. అంతరించిందనుకున్న ఆ గుడ్లగూబ అక్కడ బతికే ఉంది.

అదే రాస్ముస్సెన్, అదే ప్రిస్-జోన్స్, స్టాక్‌హోమ్ మ్యూజియం వాళ్ళు డారియో జుక్కోన్, పెర్ ఎరిక్సన్‌తో కలిసి 2012లో ఫించ్ కుటుంబం మొత్తం వంశవృక్షాన్ని జన్యువుల నుంచి గీశారు. మ్యూజియంలో ఏ చీటీని నమ్మొచ్చో, ఏది నమ్మకూడదో తెలిసినవాళ్ళు ఈ పనికి దిగడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

కార్డ్యూలిస్ అనే గోల్డ్‌ఫించ్ ప్రజాతిలో అప్పటిదాకా సిస్కిన్‌లు, గ్రీన్‌ఫించ్‌లు, లినెట్‌లు, రెడ్‌పోల్‌లు అన్నీ కలిసి ఉండేవి. ఆ ఇల్లు విడిపోయింది. హిమాలయాల గ్రీన్‌ఫించ్ క్లోరిస్‌లోకి వెళ్ళింది. సిస్కిన్‌లు స్పైనస్ అయ్యాయి. పేరులోనే గోల్డ్‌ఫించ్ ఉన్న అమెరికా పిట్ట కూడా స్పైనస్‌లోకే పోయింది. యూరప్ గోల్డ్‌ఫించ్‌కు అది సొంత అక్కాచెల్లెలు కాదు. గోల్డ్‌ఫించ్ ఇంట్లో దానితోపాటు మిగిలినవి యూరప్ కొండల్లోని సిట్రిల్ ఫించ్, కోర్సికా దీవిలోని దాని జంట పిట్ట మాత్రమే. విగర్స్ పేరు పెట్టిన మన హిమాలయాల బూడిద తల పిట్ట గోల్డ్‌ఫించ్‌లో ఒక రూపమా, వేరే జాతా అన్నది మాత్రం ఒక్కో జాబితా ఒక్కోలా రాస్తోంది.

*

ఆ ఉమ్మడి ఇంటి కథల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆమ్‌స్టర్‌డామ్‌ది.

1929 సెప్టెంబరు 8. కారకోరం దాటి ఆక్సాయ్ చిన్ పీఠభూమి మీద, ఐదు వేల మీటర్లకు పైన, డచ్చి యాత్రికుల గుడారాలు. నాయకుడు ఫిలిప్స్ విసెర్, ఆయన భార్య జెన్నీ. బృందంలో పిట్టల బాధ్యత సిల్లెమ్‌ది. చెట్టన్నది లేని ఆ నేల మీద ఆయన రెండు చిన్న పిట్టలను కొట్టాడు. ఒకటి ఎదిగిన మగది, ఒకటి పిల్ల. అక్కడ సాధారణంగా కనిపించే బ్రాంట్ మౌంటెన్ ఫించ్ అనుకుని చీటీ కట్టారు. ఆ రెండు చర్మాలు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం అరలోకి వెళ్ళాయి. అక్కడే అరవై ఏళ్ళు పడి ఉన్నాయి.

1990ల మొదట్లో పక్షి శాస్త్రవేత్త కేస్ రోసెలార్ ఆ అర తెరిచాడు. వరసగా పడుకోబెట్టిన బ్రాంట్ ఫించ్‌ల మధ్య ఆ మగ పిట్ట తల రంగు వేరుగా ఉంది, రెక్క ఈకల అంచులు వేరుగా ఉన్నాయి. పిల్ల ఒంటి మీద గీతలు స్పష్టంగా ఉన్నాయి, బ్రాంట్ ఫించ్ పిల్లకు అలా ఉండవు. 1992లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించి సిల్లెమ్ పేరు పెట్టాడు. రెండే చర్మాలు. అలాంటిది ఇంకోటి ఎవరూ చూడలేదు. వింత రంగు బ్రాంట్ ఫించేమోనన్న అనుమానం వెంటే ఉంది.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 2012 జూన్‌లో యాన్ ముజికా అనే పిట్టల ప్రేమికుడు చైనాలోని చింగ్‌హై రాష్ట్రంలో ఒక ఎత్తైన లోయలో నడుస్తూ కొన్ని పిట్టలను ఫొటో తీశాడు. ఆక్సాయ్ చిన్‌కు దాదాపు 1,500 కిలోమీటర్ల దూరం. ఇంటికెళ్ళి ఫొటోలు చూస్తే అందులో ఉన్నది సిల్లెమ్ పిట్ట! 83 ఏళ్ళ తర్వాత బతికున్న పిట్ట ఎవరి కంటైనా పడడం అదే మొదలు. 2016లో జన్యువులు చదివారు. అది వేరే జాతే. కానీ బ్రాంట్ ఫించ్‌కు చుట్టం కాదు, మౌంటెన్ ఫించే కాదు. టిబెట్ రోజ్‌ఫించ్‌కు తోబుట్టువు. ఎరుపు పూర్తిగా పోగొట్టుకున్న రోజ్‌ఫించ్ అది. ముక్కే కాదు, రంగు కూడా తప్పుదారి పట్టించింది.

*

మన ఊళ్ళల్లో పెంపుడు పిట్టల దుకాణాలకు వెళితే ‘ఫించెస్’ అని అడిగితే దొరుకుతాయి. జీబ్రా ఫించ్, బెంగాలీ ఫించ్. రెండూ ఫించ్‌లు కావు, మునియా కుటుంబం. జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియాది. బెంగాలీ ఫించ్ బెంగాల్‌దీ కాదు, తెల్ల నడుము మునియాను జపాన్‌లో తరాలుగా పెంచి తయారుచేసిన పెంపుడు పిట్ట. ఈ విదేశీ పేరు చాటున మన పొలాల మునియాలు కూడా అమ్ముడుపోతాయి. వలేసి పట్టిన చుక్కల మునియాలకు రంగులు పూసి విదేశీ ఫించ్‌లని అంటగట్టేవాళ్ళున్నారు. నాలుగు రోజుల్లో రంగు వెలుస్తుంది, చాలాసార్లు పిట్టే పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మునియాలను, గిజిగాళ్ళను, ఫించ్‌లను విడివిడిగా పేర్లు పెట్టి తన జాబితాలో చేర్చింది. మునియాను పట్టడం, పంజరంలో ఉంచడం, అమ్మడం నేరం. రంగు పూసి ఫించ్ అని పిలిస్తే అది మునియా కాకుండా పోదు. దుకాణంలో అలాంటి పిట్ట కనిపిస్తే అటవీశాఖకు చెప్పండి.

అసలు ఫించ్ చూడాలనుకునేవాళ్ళు దుకాణానికి కాదు, చలికాలంలో అడవికి వెళ్ళాలి. గోల్డ్‌ఫించ్ హిమాలయాలు దాటి మన వైపు రాదు. ఆ కుటుంబం నుంచి మన దగ్గరకు క్రమం తప్పక వచ్చేది జెర్డన్ రాసుకున్న ఆ ఎదురు పిచికె ఒక్కటే. ఎండాకాలం హిమాలయాల్లో, ఇంకా ఉత్తరాన గూళ్ళు పెట్టుకుని, చలికి దక్షిణానికి దిగి నల్లమలలోనూ తూర్పు కనుమల్లోనూ వెదురు, పొదలు ఉన్నచోట తిరుగుతుంది. దానికో దూరదేశపు చుట్టం ఉంది. హవాయి దీవుల్లో పొడుగాటి వంపు ముక్కుతో పూలలోని తేనె తాగే ఎర్రటి ఈవీ పిట్ట. ఆ దీవుల హనీక్రీపర్లన్నీ రోజ్‌ఫించ్‌లకు దగ్గరి దాయాదులని 2011లో జన్యువులు తేల్చాయి. 50 లక్షల ఏళ్ళకు పైనే అయింది వాటి పూర్వికులు సముద్రం దాటి. అక్కడ దొరికిన తిండిని బట్టి ఒక్కోటి ఒక్కో ముక్కు చేసుకుంది.

ఎదురు పిచికెల్లో మగది తల, గొంతు, రొమ్ము ఎర్రగా ఉంటాయి కాబట్టి తేలిగ్గా కంటపడుతుంది. ఆడవి, పిల్లలు మట్టిరంగు మీద గీతలతో ఉంటాయి. అందుకే చాలామంది పిచ్చుకలే కదా అని దాటి వెళ్ళిపోతారు. డిసెంబరు నుంచి మార్చి మధ్య శ్రీశైలం వైపు వెళ్ళినప్పుడు వెదురు పొద దగ్గర అలాంటి గుంపు కనిపిస్తే ముక్కు చూడకండి, తోక చూడండి. చివర బాగా చీలి ఉంటే అది పిచ్చుక కాదు.